రౌటర్ గదిలో మరదలు

“విమానాశ్రయం ప్రధాన రౌటర్‌ని ఈరోజే పడగొట్టబోతున్నారు,” అన్నాడు చీఫ్. “లోపల మన మనిషి ఒకరున్నారు. కోడ్ మాట, ‘గాలి ఉక్కగా ఉంది’. మిగతాది నీకు అనవసరం.”

ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంట్ రౌటర్ గదిలో అడుగుపెట్టాడు. తలుపు దగ్గరే మెడ మీద దెబ్బ పడింది. కళ్లు తెరిచేసరికి చేతులు కుర్చీ వెనక బిగించి ఉన్నాయి. మత్తు సూది దాచిన పెన్ను జేబులోనే ఉంది. అందుకోవడానికి వేలు కదిలితేగా!

కన్సోల్ ముందు ఎర్ర గౌనులో మెరిసిపోతూ కూర్చున్నది తన భార్య చెల్లెలు. ఆమె పక్కన పిస్తోలు పట్టుకుని విదేశీ ముఠా నాయకుడు.

“నువ్వా!”

“అరవకు బావా. పని చేసుకోనీ,” అంది ఆమె తల తిప్పకుండా. తర్వాత నాయకుడికి చెప్పింది. “దీనికి మెదళ్లు రెండు. ఒకటి పోతే రెండోది లేస్తుంది. అది తేరుకునేదాకా పొరుగు రౌటర్లు పాత దారులనే నమ్ముకుని నడిపిస్తాయి. గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ అంటారు.”

“అది తీసేస్తే?”

“పొరుగువాళ్లు దారులన్నీ చెరిపేస్తారు. టవర్‌లో రాడార్ బొమ్మ ఆగిపోతుంది.”

పక్క తెరమీద విమానాలు పచ్చ చుక్కలై పాకుతున్నాయి. ఏజెంట్ కుర్చీతో సహా ముందుకి వంగాడు.

“అందులో ఒకదాంట్లో మీ అక్క ఉందే!”

ఆమె వేళ్లు ఆగాయి. పిస్తోలు గొట్టం ఆమె చెవిపోగుకి తగిలింది. వేళ్లు మళ్లీ కదిలాయి. ఒక్కో పొరుగు రౌటర్ పేరు కింద ‘డిసేబుల్’ అని పడుతోంది.

తిట్టాడు, బతిమాలాడు. చివరికి దిక్కుతోచక, లోపలున్న ఆ మనిషికి వినబడుతుందేమోనని అరిచాడు.

“గాలి ఉక్కగా ఉంది!”

“ఈ చలిలోనా?” నాయకుడు పగలబడి నవ్వాడు.

జైళ్లు బద్దలుకొట్టి వచ్చినవాడు, ఒక కీబోర్డు చప్పుడు ఆపలేక కూర్చున్నాడు. భార్య ముఖం కళ్లముందు కదిలింది. కళ్లు మూసుకుందామన్నా మనసొప్పలేదు.

“అయిపోయింది,” అంది మరదలు.

నాయకుడు రౌటర్‌లోంచి మొదటి మెదడు కార్డును ఒక్క లాగు లాగాడు. ఎర్రలైట్లు వెలిగాయి.

చుక్కలు పాకుతూనే ఉన్నాయి.

నాయకుడు నోరు తెరుచుకుని తెరవైపు వంగాడు. అదే అదనుగా ఆమె కుర్చీని అతని మోకాళ్ల మీదికి తన్నింది. పిస్తోలు ఎగిరిపడింది. బయట పొంచి ఉన్న చీఫ్ మనుషులు తలుపు విరగ్గొట్టుకుని మీదపడ్డారు.

“నా కళ్లారా చూశాను, అన్నీ తీసేశావు!” అన్నాడు ఏజెంట్, కట్లు విప్పుతున్న మరదలితో.

“అదంతా ఉత్త చిత్తుప్రతి బావా. చివర్లో ‘కమిట్’ అని కొడితేనే అమల్లోకొస్తుంది. నేను కొట్టలేదు, వాడికి తెలీదు.” ఆమె ఆఖరి ముడి విప్పి తాడు పక్కన పడేసింది. “అక్క సంగతి నాకు ముందే తెలుసు. నువ్వు కోడ్ మాట అరుస్తుంటే, ఆ లోపలి మనిషిని నేనేనని పలకలేక చచ్చిపోయాననుకో.”

చీఫ్ లోపలికొచ్చి ఏజెంట్‌ని ఎగాదిగా చూశాడు.

“మిషన్ సక్సెస్. నువ్వేం చేశావని రాయమంటావ్?”

“కూర్చున్నానని రాయండి సార్.”