బైరప్ప కంబళి

అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! నడినెత్తిన మార్తాండుడు నిప్పులు చెరుగుతున్నాడు. కురబలకోట దాటాక రాతిగుండ్ల నడుమ ఉన్న బైరప్ప గొర్రెల దొడ్డిలో గాలి స్తంభించింది. మబ్బుతునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరిమింది. పట్టపగలు గుడ్లగూబ కూసింది... ఒకసారి కాదు, మూడుసార్లు!

దొడ్డి మధ్యలో భగభగ మండుతున్న హోమగుండం. దాని ముందు క్షుద్రోపాసకుడు ఉమాపతి, అతడి చేతిలో రక్తచందనం పూసిన కపాలం. చుట్టూ ఊపిరి బిగబట్టిన ఊరిజనం.

ఇన్‌స్పెక్టర్ ధనుంజయ మెడ మీది చెమట తుడుచుకున్నాడు. దయ్యాల మీద ఆయనకు నమ్మకం లేదు. జనానికి ఉంది, అది చాలు. పుంగనూరు దారిలోని టమోటా తోటలో గోవిందప్ప భార్య శ్యామలమ్మ హత్యకు గురై పన్నెండు రోజులైంది. చంపింది మొగుడేనని ధనుంజయకు మొదటిరోజే తెలుసు. కానీ గోవిందప్ప తనకు కావలసినవాడు. అందుకే ఆ పక్క బీళ్ళలో గొర్రెలు మేపుకునే బైరప్పను లోపల వేశాడు. ఆ రోజు బైరప్ప కుప్పం సంతలో పొట్టేళ్ళు అమ్ముతున్నాడని ఊరంతా మొత్తుకుంది. పోలీసులే ఇరికించారన్న గుసగుస రచ్చకెక్కింది. రేపు మదనపల్లెలో ధర్నా అంటున్నారు.

చచ్చినదే వచ్చి బైరప్ప పేరు చెబితే...? అదీ వాడి పెళ్ళాం నోటితోనే చెప్పిస్తే...? ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే మెచ్చుకున్నాడు, దుర్మార్గుడు!

ఆ పెళ్ళాం, బయ్యమ్మ, హోమానికి ఎదురుగా కూర్చుని ఉంది.

"శ్యామలమ్మ వచ్చి నిజం చెప్తే మా ఆయన్ని ఇడిసిపెడతారు కదా సారూ?" ఆయన వచ్చినప్పటి నుంచి ఇది పదోసారి అడగడం.

"ఈ పొద్దే ఇంటికి పంపిస్తా. కదలకుండా కూర్చోమ్మా."

చచ్చినవాళ్ళు అబద్ధమాడరని నమ్మి వచ్చింది, పిచ్చిది! ఉమ్మెత్తగింజల పొగ పట్టించి తన నోట ఏ పేరు పలికించాలో ధనుంజయా ఉమాపతీ ముందే మాట్లాడుకున్నారని ఆమెకేం తెలుసు?

ఉమాపతి కపాలానికి ఆసనం కావాలని అటూ ఇటూ చూశాడు. దడికి వేలాడుతున్న బైరప్ప నల్ల కంబళిని లాగి నేలమీద పరిచాడు. దాని నడుమ కపాలం నిలిపాడు.

బైరప్ప పెదనాన్న సుబ్బయ్య గభాలున లేచాడు. "కంబళి తియ్ సామీ! మేం కంబళి పరిచేది మా ఇంటి పెద్దల్ని పిలిసేదానికి. దానిమింద మా ఇంట్లో సచ్చినోళ్ళే వస్తారు, పరాయోళ్ళు రారు."

"నోర్ముయ్ ముసలోడా! నేను పిలిస్తే రాని పిశాచం యాడుండాది?"

ధనుంజయ లోలోపల నవ్వుకున్నాడు. ఎవరొస్తే ఏం? పలికేది తాము నేర్పిన పలుకే కదా!

నల్లకోడి నెత్తురు కపాలం మీద ధారగా పడింది. గింజలు చిటపటలాడాయి. విషధూమం బయ్యమ్మను కమ్మేసింది. కొప్పు వీడిపోయింది, కనుగుడ్లు తేలిపోయాయి, తల గిరగిరా తిరిగింది!

"ఆగచ్ఛ... ఆగచ్ఛ! రా శ్యామలా! పలుకు! నిన్ను సంపిందెవురు?"

ఆమె కంఠంలోంచి వెలువడింది ఆడగొంతు కాదు!

"నీళ్ళు... గుక్కెడు నీళ్ళు ఇప్పించండి సారూ..."

ధనుంజయ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఆ మాట ఆయన ఇందాక పదకొండింటికి విన్నాడు... స్టేషన్ వెనక గదిలో! నీళ్ళివ్వకుండానే జీపెక్కాడు. అప్పటికి వాడికి ఊపిరి ఉంది!

"బైరప్ప గొంతు..." సుబ్బయ్య చూపు కంబళి మీద పడింది. "సచ్చినోళ్ళే కదప్పా వచ్చేది... ఒరే బైరా!" అంటూ కూలబడ్డాడు.

"బంధయ! బంధయ!" ఆ గొంతును కట్టడి చెయ్యడానికి ఉమాపతి బూడిద విసిరాడు. ఆ గొంతు పకపకా నవ్వింది. "పిలిసినోడివి నువ్వు. నా దెబ్బలు నువ్వే మొయ్యాల!"

ముందు ఉమాపతి అరికాళ్ళు... ఎవరూ తాకలేదు, అయినా ఛెళ్ళున మోగాయి, తోలు చిట్లింది! తర్వాత మోకాళ్ళని ధనుంజయకు తెలుసు. పటపటా మోకాళ్ళు విరిగాయి! ఆ తర్వాత గోళ్ళు... ఒక్కొక్కటే, తాపీగా, పది గోళ్ళు! మూడు రోజులుగా స్టేషన్‌లో తాము ఏ వరసన కొట్టారో అదే వరస. ఒక్క దెబ్బ తగ్గలేదు, ఒక్క దెబ్బ మిగల్లేదు.

"నన్నిడిసిపెట్టప్పా! సంపింది గోవిందప్ప! నిన్ను కొట్టింది ఈయప్ప! నీ పేరు పలికించమన్నదీ ఈయప్పే!" ధనుంజయ వైపు చెయ్యి చూపిస్తూ ఉమాపతి పెట్టిన ఆర్తనాదం గుండ్లలో ప్రతిధ్వనించింది. పక్కటెముకలు లోపలికి దిగబడ్డాయి. నోట్లోంచి నురగ, నెత్తురు... "నీళ్ళు..." అంటూనే మాంత్రికుడు కంబళి మీద బోర్లాపడి చచ్చాడు.

ధనుంజయ జేబులో ఫోన్ మోగింది. స్టేషన్ నుంచే. ఆయన తీయలేదు. జనం ఒక్కొక్కరే లేచి దొడ్డి వాకిలికి అడ్డంగా నిలబడ్డారు.

బయ్యమ్మ మగత వదిలి కళ్ళు నులుముకుంది. జుట్టు ముడేసుకుంటూ ఆశగా ధనుంజయ ముఖంలోకి చూసింది.

"నాకేం తెలీలా సారూ. ఆయమ్మ వచ్చిందా? మా ఆయన ఈ పొద్దు ఎన్నింటికి వస్తాడో చెప్పండి సారూ, సంగటి చేసిపెట్టాల."