ముందు సగం విప్పాక

"బండి ఇక్కడ వదిలేసి వెళ్ళండి. సాయంత్రానికి ముందు భాగమంతా విప్పి పెడతాను" అన్నాడు మెకానిక్.

"వదిలేసి వెళ్ళడానికి ఇదేమైనా చాకలి మూటా? నేనే విప్పుతాను. మీరు పక్కన నిలబడి ఎలాగో చెప్పండి, చాలు."

మెకానిక్ ఆమెను ఎగాదిగా చూశాడు. వీధి చివర కేకుల దుకాణం ఆమెదే. జుట్టుకి ఇంకా మైదా అంటుకునే ఉంది.

"ఇది కేకు కాదండీ, మోటార్‌సైకిల్."

"తెలుసు. మీ మొహం మీదున్న గ్రీజుని ఐసింగ్ అనుకునేంత అమాయకురాలిని కాదు."

ఇంత ఆప్యాయంగా వాళ్ళ పరిచయం మొదలైంది.

అసలు ఆ బండి వాళ్ళ నాన్నది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరై ఇంట్లో కూర్చున్న ఆయన, బండిని పక్కింటాయనకి అమ్ముతానని మాటిచ్చేశాడు. కూతురు అడ్డం పడింది. దాంతో ఆయనొక షరతు పెట్టాడు. తుప్పు పట్టిన ముందు భాగాన్ని ఆమే విప్పాలి, పౌడర్ కోటింగ్ చేయించాలి, మళ్ళీ ఆమే బిగించాలి. ఆదివారానికి అయితే బండి ఆమెది, లేదంటే పక్కింటాయనది.

"నీకు కోపమే తప్ప ఓపిక లేదమ్మా. నీ వల్ల కాదు" అని దీవించాడు కూడా. కూతురి మీద అంత నమ్మకమున్న తండ్రి దొరకడం అదృష్టం కాక మరేమిటి!

ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం తీశారు. చక్రాన్ని నొక్కి ఆపే బ్రేకు కాలిపర్‌ని ఆమె విప్పి అలా వేలాడదీయబోయింది.

"వద్దు! పైపు మీద బరువు పడుతుంది. తీగతో పైకి కట్టండి!"

"కాస్త మెల్లగా చెప్పండి. నాకు చెవులున్నాయి."

"ఉన్నాయా? ఇందాకట్నుంచీ చెప్తున్నా వినకపోతే లేవేమో అనుకున్నాను."

మడ్‌గార్డు వచ్చింది, హెడ్‌లైటు వచ్చింది, హ్యాండిల్ వచ్చింది. చక్రాన్ని చెరోవైపు పట్టుకునే రెండు ఫోర్కు గొట్టాలూ కిందికి జారాయి. ఇక మిగిలింది ఆ రెండింటినీ పైన పట్టి ఉంచే ‘టీ’ ఆకారపు ఇనప ముక్క, మెకానిక్ భాషలో టీ. ఆమె దాని నట్టు వదులు చేసిందో లేదో, లోపలున్న ఉక్కు గుండ్లన్నీ జలజలా రాలి షెడ్డంతా దొర్లాయి. సరిగ్గా అప్పుడే బయట వాన మొదలైంది. అది కూడా వీళ్ళ అవస్థ చూడ్డానికే వచ్చినట్టుంది.

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని వెతుకుతుంటే తలలు ఢీకొన్నాయి.

"చూసుకోవాలి కదా!" నుదురు రుద్దుకుంటూ అంది ఆమె.

"చూస్తూనే ఉన్నాను."

"దేన్ని?"

మెకానిక్ గబుక్కున బల్ల కిందికి దూరాడు. అటువైపు ఒక్క గుండు కూడా దొర్లలేదని ఇద్దరికీ తెలుసు.

రంగు పడకూడని చోట్లన్నిటికీ, అంటే నట్టు బిగించే మరలకీ ఫోర్కులు దూరే రంధ్రాలకీ, అతను ఆకుపచ్చ టేపు శ్రద్ధగా చుట్టాడు. సంచీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. ఆమె ఆ టేపు చూసి జాలిపడింది. పౌడర్ కోటింగ్ అంటే రంగు పొడి చల్లి ఓవెన్‌లో పెట్టడం. ఓవెన్ గురించి ఆమెకి ఇంకొకరు చెప్పాలా! టేపు కాలి అంటుకుపోతుందని మొత్తం పీకి చెత్తబుట్టలో పడేసింది. అతను సంచీ తెచ్చేసరికి అన్నిటినీ పాత గుడ్డల్లో చుట్టేసి ఉంచింది. అది వేడికి తట్టుకునే టేపని ఆమెకేం తెలుసు? మూట అలాగే కోటింగ్ షాపుకి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే తండ్రి షెడ్డుకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా. కోటింగ్ అయిన భాగాలు నిగనిగలాడుతున్నాయి. టీ మాత్రం మొండికేసింది. ఫోర్కు రంధ్రంలోకి దూరదు, నట్టు మర ఎక్కదు. అన్నిచోట్లా రంగు దట్టంగా పేరుకుపోయింది.

"ఎవరి నిర్వాకమిది?" అన్నాడు తండ్రి.

"ఇంకెవరిది నాన్నా? ఈయన్ని నమ్ముకుంటే ఇంతే!" అంది ఆమె.

మెకానిక్ రంధ్రంలోకి చూశాడు. ఆమె వైపు చూశాడు. అతనికి విషయం అర్థమైంది.

"నాదేనండీ. టేపు వేయడం మర్చిపోయాను."

టేపు అన్న మాట వినగానే ఆమెకి తను పీకి పడేసింది గుర్తొచ్చింది. తండ్రి ఈలోగా, రోడ్డు మీద తన బస్సుకి అడ్డం తగిలినవాళ్ళ కోసం దాచుకున్న మాటలన్నీ మెకానిక్ మీద ఖర్చు పెట్టాడు. చివరికి ఊపిరి తీసుకుని, "తప్పు ఇతనిది కాబట్టి నీకు సాయంత్రం దాకా గడువిస్తున్నాను" అన్నాడు కూతురితో.

నోరు మూసుకుంటే బండి దక్కుతుంది. ఆమెకి నోరు మూసుకోవడం అలవాటు లేదు.

"నాన్నా, ఆయన టేపు వేశాడు. నేనే పీకేశాను. ఓవెన్‌లో కాలిపోతుందనుకున్నాను. బండి పక్కింటాయనకి ఇచ్చేయండి."

తండ్రి మెకానిక్ వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు అబద్ధమాడావు?"

మెకానిక్ శుభ్రంగా ఉన్న పానాని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

"బస్సు అద్దంలోంచి వెనక సీట్ల వ్యవహారాలన్నీ చూస్తూ ముసలాణ్ణయ్యాను బాబూ. నాకు తెలియదనుకున్నావా?" తండ్రి స్టూలు తీసుకుని గుమ్మం బయటికి నడిచాడు. "సాయంత్రం దాకా ఇచ్చిన గడువు ఇచ్చిందే. ఇద్దరూ కూర్చుని గీకండి."

గరుకు కాగితాలు తీసుకుని గీకడం మొదలుపెట్టారు.  

"సారీ. నాన్న ముందు అలా అనేశాను. మీరెందుకు తప్పు మీద వేసుకున్నారు?" అంది ఆమె.

"బండి పక్కింటాయనకి పోతే సర్వీసింగ్‌కి ఆయనే వస్తాడు. ఎప్పుడూ ఆయన మొహమే చూడాలి."

"అంటే నా మొహం పర్వాలేదన్నమాట."

"పర్వాలేదని కాదు." అతను గీకడం ఆపాడు. "రోజూ చూడాలనిపిస్తోంది. సర్వీసింగ్ పనున్నా లేకపోయినా."

"ఇది ప్రపోజలా, కంప్లైంటా?"

"మీరు దేనికి ఒప్పుకుంటే అది."

ఆమె తల వంచుకుని టీని బండికి ఎక్కించింది. ఫోర్కు తీసి రంధ్రంలో పెట్టి పైకి నెట్టింది. ఈసారి బుద్ధిగా దూరింది.

"సరే" అంది మెల్లగా.

"ఏది సరే? ఫోర్కా, నేనా?"

గుమ్మం బయట్నుంచి తండ్రి గొంతు వినపడింది. "ఒక్కసారి చెప్తే అర్థం కాదా అబ్బాయ్? సరే అన్నది నిన్నే! ముందు ఆ నట్టు బిగించి ఇలా రా, మీ ఇంట్లోవాళ్ళతో ఎప్పుడు మాట్లాడాలో చెప్పు!"