పిల్ల అన్న మాట

పొద్దున్నే గ్యాసు అయిపోయింది. "ఈ చాకిరీతో చస్తున్నాను," అని విసుక్కుంది అమ్మ. ఆ ఇంట్లో ఇదేమీ కొత్త మాట కాదు. బస్సు నడిపే నాన్నదీ అదే వరస. ఆకలేసినా చస్తాడు, నవ్వలేకా చస్తాడు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పండు మాత్రం కొన్నాళ్ళుగా మాటే మానేసింది. కాలేజీకి పోదు, తిండి సయించదు. డాక్టరమ్మ డిప్రెషన్ అని చెప్పి మందులు రాసింది. వేరే జబ్బేదీ లేదని తేల్చుకోవడానికి మెదడుకు స్కాన్ తీయించింది. రిపోర్టు చూసి నాన్న పొంగిపోయాడు. మెదడు లక్షణంగా ఉందట, ఇక బెంగ లేదట.

ఆ సంబరం మీద డాక్టరమ్మ ఫోన్‌లో నీళ్ళు చల్లింది. ఇలాంటి పిల్లల మెదడు పనిచేసే తీరులో తేడాలు కనిపిస్తున్నాయని పరిశోధకులు అంటున్నారు గానీ, ఫలానా పిల్ల ప్రాణం తీసుకుంటుందో లేదో ఏ స్కానూ చెప్పదంది. పిల్లనే అడగాలి, సూటిగా అడగాలి అంది.

అమ్మ పండు గదివైపు నడిచింది. నాన్న అడ్డం పడ్డాడు.

"లేని ఆలోచన నువ్వే పెడతావా దాని బుర్రలో?"

"అడిగితే పుట్టదట. నాకూ భయంగానే ఉందండీ. తెలియకుండా ఉండటం ఇంకా భయం."

పండు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అమ్మ మంచం మీద కూర్చుంది.

"పండూ, చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?"



"ముందే చెప్పానుగా," అంది పండు, గోడవైపే చూస్తూ. "బట్టలు ఆరేస్తున్నప్పుడు. చచ్చిపోవాలనుందమ్మా అన్నాను. సరే, ఈ బకెట్టు ఆరేశాక చద్దువుగాని అన్నావు."

అమ్మకు గుర్తొచ్చింది. అన్న మాట నిజమే. నవ్వుతూ అంది కూడాను. తను పూటకోసారి అనే మాటే పిల్ల నోట వచ్చిందనుకుంది. అరిగిపోయిన ఆ మాటను పిల్ల అసలు అర్థంతో అంటోందని పాపం ఆమెకెలా తడుతుంది?

"నాకు అర్థం కాలేదే. ఇప్పుడు వింటాను. ఇంకా ఉందా?"

"ఉంది. నాకు నేనంటేనే భయం వేస్తోంది. ఒంటరిగా ఉంచొద్దమ్మా."

గుమ్మంలో నిలబడ్డ నాన్న డ్యూటీకి రాలేనని ఫోన్ చేశాడు. తర్వాత డాక్టరమ్మకు చేశాడు. డాక్టరమ్మ వెంటనే తీసుకురమ్మంది. ఆటోలో ఇద్దరి మధ్యా కూర్చుంది పండు. ముగ్గురిలో ఎవరికీ భయం పోలేదు.

డాక్టరమ్మ గది ముందు పండు ఆగిపోయింది.

"అంతా చెప్పేయాలా?"

"అంతా చెప్పు. నేను పక్కనే ఉంటాను," అంది అమ్మ.

"ఉండు. మధ్యలో మాత్రం ఏమీ అనకు."

అమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని తల ఊపింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా ముంచుకొచ్చింది.