కుడివైపు అంకె

"ఒక్క గుండుతో అయిపోవాలి," అన్నాడు పెద్దాయన. గూఢచారి ఏజెన్సీలో ఆయనకి ఇంకో పేరు లేదు.

ఎదుట నిలబడ్డవాణ్ణి అందరూ ముల్లు అంటారు. గురి చూసి కాదు, నోరు చూసి పెట్టిన పేరు.

"ఎవరు సార్?"

"మెకానిక్. శత్రు ముఠాకి బాంబులు కట్టేది వాడే. రేపు మధ్యాహ్నం సంధి మాట్లాడేవాళ్లతో వంతెన మీదికి రైలొస్తుంది. కిటికీలోంచి చూసి వాడు రిమోట్ నొక్కుతాడు. ఆలోపు నువ్వు నొక్కాలి."

"అడ్రస్?"

"అది నేను చెబుతాను." మనిషికంటే ముందు వాసన లోపలికి వచ్చింది. వెనకాల ఆమె వచ్చింది, ఆఫీసులో అందరూ అత్తరు అని పిలిచేది. విదేశీ భాషల డెస్కు ఆమెది. శత్రువుల భాష ఆమెకి ఉగ్గుపాలతో వచ్చింది. ఆమె నవ్విందంటే పెద్దాయన ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తాడు.

"మూడో బ్లాకు, ఏడో అంతస్తు," అంది. "ఈ ఫైలు పంపింది మీ బావే."

బావ గడియారాలు బాగుచేసేవాడి వేషంలో శత్రువుల నగరానికి వెళ్లి మూడేళ్లయింది. అక్కకి ఒక్క కబురు లేదు.

"ఎక్కడుంటున్నాడు?"

"అది తెలియకపోతేనే ఆయన బతుకుతాడు." చేతిలో కంప్యూటర్ స్క్రీన్ ఫొటో పెట్టింది. అర్థంకాని అక్షరాల మధ్య 3 / 7 అని ఉంది.

*

మర్నాడు మధ్యాహ్నం డిష్ రిపేరు చేసేవాడి టోపీ పెట్టుకుని ముల్లు ఆ నగరంలో మూడో బ్లాకుకి ఎదురుగా ఉన్న ఐదో బ్లాకులోకి నడిచాడు. పనిముట్ల సంచిలో రైఫిల్ ముక్కలుగా ఉంది. లిఫ్టు పక్కన వరసగా పోస్టు డబ్బాలున్నాయి. 1 / 5. 2 / 5. 3 / 5.

రెండడుగులు వేసి ఆగిపోయాడు.

ఎడమ అంకె మారుతోంది. కుడివైపు ఐదు మాత్రం కదలడం లేదు. ఇది ఐదో బ్లాకు. అంటే ఈ జనం ముందు రాసేది కుడివైపు అంకె. వీళ్ల భాషలో అక్షరాలే కాదు, అడ్రసూ కుడి నుంచే మొదలు.

మరి ఆఫీసులో? వైరస్ భయంతో శత్రువుల ఫైలుని మన కంప్యూటర్లలోకి ఎక్కించరు. స్క్రీన్ మీద కనబడింది చూసి గుమాస్తా మళ్లీ టైపు చేస్తాడు. మాటలకైతే అనువాదకులున్నారు. అంకెలకి అనువాదం దేనికని, ఎడమ నుంచి ఎలా కనబడితే అలా కొట్టేస్తాడు. కంప్యూటరేమో ఆ భాష పద్ధతిలో మొదటి అంకెని కుడి చివర పెట్టి చూపిస్తుంది. గొప్ప ఆఫీసు! తుపాకీకి రెండు తాళాలు వేస్తారు, అడ్రసు మాత్రం గాలికి వదిలేస్తారు.

మేడ మీద రైఫిల్ బిగించి, చెవిలోని రేడియో నొక్కాడు.

"మేడమ్, అడ్రస్ ఇంకోసారి."

"మూడో బ్లాకు, ఏడో అంతస్తు. ఏం, మతిమరుపా?"

"ఇక్కడ బ్లాకు నంబరు కుడివైపు రాస్తున్నారు."

"నీకా భాష వచ్చా?"

"రాదు. మీకొచ్చు."



"చదవడం నా పని ముల్లూ. కాల్చడం నీది. కాల్చు."

గుమాస్తాకి తెలియకపోవచ్చు. ఉగ్గుపాలతో నేర్చినదానికి తెలియదా? టెలిస్కోపు మూడో బ్లాకు మీదికి తిప్పాడు. ఏడో అంతస్తు కిటికీలో ఒకడు వీపు ఇటు పెట్టి, బల్ల మీదికి వంగి ఉన్నాడు. దూరంగా రైలు కూత పెట్టింది. ఆ మనిషి తల తిప్పాడు. కంటికి గడియారాల భూతద్దం. నెరిసిన జుట్టు.

బావ.

"కాల్చవేం?" అంది చెవిలో అత్తరు.

ముల్లు రేడియో పీకి పారేశాడు. ఏడో బ్లాకు. మూడో అంతస్తు. పరదా సందులో ఒక చేతిలో బైనాక్యులర్స్, ఇంకో చేతిలో రిమోట్. ఇంజను వంతెన ఎక్కింది. బొటనవేలు లేచింది.

ముల్లు నొక్కాడు.

రిమోట్ కిటికీలోంచి కింద పడి ముక్కలైంది. రైలు ఏమీ ఎరగనట్టు వంతెన దాటిపోయింది.

*

అత్తరు ఆ సాయంత్రమే విమానం ఎక్కేసింది. విచారణ సంఘం నాలుగు మీటింగులు పెట్టి, గుమాస్తా ఉద్యోగం ఊడగొట్టి, చేతులు దులుపుకుంది. పెద్దాయనకి ప్రమోషన్ వచ్చింది. బావని ఇంటికి చేర్చే పని ముల్లుకి పడింది.

"నన్ను కాల్చడానికే పంపారటగా నిన్ను," అన్నాడు బావ కారులో.

"అవును బావా."

"ఆ ఫ్లాటు అత్తరే ఇప్పించిందిరా. వెలుతురు బాగా వస్తుందంది."

"వచ్చింది. నెరిసిన వెంట్రుకలు కూడా కనబడ్డాయి."

బావ నవ్వబోయి మానేశాడు. కారు అక్క ఉండే వీధిలోకి తిరిగింది.

"ఒరేయ్, ఈ సంగతి మీ అక్కతో అనకు."

"ఏం, భయపడుతుందనా?"

"భయమా? మూడేళ్లు కబురు లేని మొగుణ్ణి. చేతిదాకా వచ్చినవాణ్ణి ఎందుకు వదిలేశావురా అని నిన్ను వాయిస్తుంది."