వెన్నెల చదవని వాక్యం

పెంచలకృష్ణ చద్దన్నం తిని చెయ్యి కడుక్కుంటూ కూతురి వైపు చూశాడు.

"వెన్నెలా, నీ ఫోన్లో ఉండేది ఏమంటుందే ఈ పొద్దు?"

కావలి పాలిటెక్నిక్‌లో ఆఖరి సంవత్సరం చదువుతున్న వెన్నెల ఫోన్లో, ఏదడిగినా తెలుగులో జవాబు చెప్పే ఏఐ ఒకటి ఉంది. నిద్ర కళ్ళతోనే అడిగింది. తెర మీద వచ్చిన మొదటి రెండు వరుసలు చదివి, "తేలికపాటి గాలి, కాసిని చినుకులంట నాయనా. భయం లేదు" అంది.

"మిగతా పడవలేవీ పోవడంలా," గడప దగ్గర నుంచి తల్లి ఉషారాణి అడ్డుపడింది. "తూర్పు దిక్కు చూడు ఎట్టుందో! ఒక్క పొద్దు ఆగితే ఏం బోతుంది?"

"వాళ్ళ ఇళ్ళల్లో వెన్నెల లేదు గదే!" అని నవ్వి, పడవలో తోడొచ్చే మధుబాబును కేకేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పడవలో వెన్నెల తన చేతులతో చేసిన పెట్టె ఒకటి ఉంది. అన్నం డబ్బాలో అరచేతంత సర్క్యూట్ బోర్డు, బ్యాటరీ. పది నిమిషాలకొకసారి పడవ ఎక్కడుందో అది రేడియోలో పంపుతుంది. ఇంటి మిద్దె మీద గడకర్రకు కట్టిన యాంటెన్నా దాన్ని అందుకుంటే, ల్యాప్‌టాప్‌లోని పటం మీద ఎర్రచుక్క కదులుతుంది. వీడియోలు చూసి ఆర్నెల్లు తంటాలు పడి చేసింది. ఉషారాణి దాన్ని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. సముద్రం మీది మనిషిని చుక్కగా చూడటం ఆమెకు అపశకునంలా ఉండేది.

ఎనిమిదింటికి గాలి లేచింది. తొమ్మిదికల్లా పక్కనున్న బోగోలు వైపు ఆకాశమంతా నల్లబడి, కెరటాలు ఒడ్డున పెట్టిన పడవల్ని తాకసాగాయి. తొమ్మిదీ పదికి ఎర్రచుక్క కదలడం ఆగిపోయింది. ఇరవైకి కొత్త కబురు రాలేదు. ముప్పైకీ రాలేదు.

"అడగవే దాన్ని! మీ నాయన యాడుండాడో చెప్పమను!" అంది ఉషారాణి.

వెన్నెల ఫోను తీసింది. పొద్దున తను అడిగిన ప్రశ్న అలాగే ఉంది. కావలిలో ఈ రోజు వాతావరణం ఎలా ఉంది? పట్నం సంగతి అడిగింది, సముద్రం సంగతి కాదు. జవాబు చివర ఆమె చదవని వాక్యం ఒకటుంది. చెరిపేస్తే ఎవరికీ తెలియదు. బొటనవేలు తెర మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత పైకే చదివింది.

"ఇది పట్టణానికి మాత్రమే. సముద్రంలోకి వెళ్ళేవారు మత్స్యకారుల హెచ్చరికలు తప్పక చూసుకోవాలి."

"అంటే... అది చెప్పింది. నువ్వు చదవలా."

"చదవలేదమ్మా."

ఉషారాణి చెయ్యెత్తింది. ఆ చెయ్యి కొట్టకుండానే కిందికి జారింది. "ఆయనకేమన్నా అయితే నీ మొగం నేను చూడలేనే!" అంటూ నేల మీద కూలబడింది.

అప్పుడే మిద్దె మీద ఏదో ఈడ్చినట్టు శబ్దమైంది. వెన్నెల వానలోకి పరుగెత్తింది. కట్లు తెగి గడకర్ర పడిపోయి ఉంది. కబురు ఆగింది పడవలోనా, ఇక్కడేనా? ఎత్తి నిలబెట్టబోతే గాలి ఆమెను కూడా తోసేసింది. ఇంతలో వెనక నుంచి రెండు చేతులు వచ్చి కర్రను వాటేసుకున్నాయి.

"నేను పట్టుకుంటా. నువ్వు పోయి చూడు!" అంది ఉషారాణి.

పది నిమిషాలు. వెన్నెల రెప్ప వేయలేదు. తెర మీద చుక్క వెలిగింది, పొద్దుటి చోటుకు చాలా దక్షిణంగా.

"వచ్చిందమ్మా! ఇంజను ఆగినట్టుంది, కొట్టుకుపోతోంది!"

"దాంట్లో మీ నాయన ఉండాడా?"

ఉన్నాడని చెప్పాలనిపించింది. గొంతు దాకా వచ్చింది. "అది తెలీదమ్మా. పెట్టె ఎక్కడుందో, అంతవరకే తెలుస్తుంది."

వెన్నెల ఫోను చేయగానే, ఊళ్ళోని మస్తాన్ తన పెద్ద మరబోటు తీశాడు. చుక్క ఉన్న చోటు వెన్నెల ఫోన్లో చెబుతుంటే, ఒడ్డున అతని తమ్ముడు వైర్లెస్ సెట్లో అందించాడు. రెండు గంటలపాటు ఉషారాణి కర్ర వదల్లేదు. పైనుంచి ఆమె ఏమీ అడగలేదు. కిందినుంచి కూతురు తెలిసింది మాత్రమే చెప్పింది.

మధ్యాహ్నం దాటాక, మస్తాన్ బోటు ఒడ్డుకు చేర్చగా, పెంచలకృష్ణ నడిచి ఇంటికొచ్చాడు. అల కొట్టి ఇంజన్లోకి నీళ్ళు పోయి ఆగిపోయిందట. మధుబాబు, తను వంతులేసుకుని పడవలో నీళ్ళు తోడుతూ బతికారట. దుప్పటి కప్పుకుని కూర్చున్నా అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి.

వెన్నెల ముందుకొచ్చి నిలబడింది. "నాయనా, తప్పు నాది. కావలి సంగతి అడిగినా. ఆఖరి వరస చదవలా. భయం లేదని అది చెప్పలేదు, నేను చెప్పినా."

అతను తలెత్తి కూతురి మొహంలోకి చూశాడు.

"ఆకాశం నేను చూళ్ళేదా అమ్మా?" అన్నాడు. "ముప్పై ఏళ్ళుగా చూస్తుండా. మూడు రోజులు వల ఖాళీగా వచ్చింది. పోవాలని రాత్రే అనుకున్నా. మీ అమ్మ వద్దంటుందని తెలుసు. అందుకే నీ నోటితో ఆ మాట చెప్పించుకున్నా." అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "నీళ్ళు తోడతా ఉంటే, మధుబాబు బిడ్డల పేర్లు పిలవబట్టినాడు. అప్పుడేసింది భయం. వాణ్ణి గూడా తీసకపోయినా గదా అని."

నాన్న ఏడవడం వెన్నెల ఎన్నడూ చూడలేదు. ఉషారాణి చర్మం లేచిపోయిన తన అరచేతుల్ని చీరకు అద్దుకుంటూ వచ్చి, కూతుర్ని దగ్గరకు లాక్కుని అతని పక్కన కూర్చుంది. భయమనే మాట ఆ ఇంట్లో అతని నోట విన్నది అదే మొదటిసారి. తల్లీకూతుళ్ళిద్దరూ అతని చేతుల్ని పట్టుకున్నారు. వణుకు తగ్గేదాకా వదల్లేదు.