గిటార్ పెట్టెలో బంగారం

దసరా వెళ్లిన మూడో రోజు పొద్దున్నే దుర్గవ్వ కరీంనగర్ వచ్చింది. టవర్ దగ్గర సైకిల్ దుకాణం మీద ప్రైవేటు డిటెక్టివ్ సీతారాంరావుకు ఒక చిన్న గది ఉంది. కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడే చెప్పింది. సహాయకుడు కొమురెల్లి పక్కన నిలబడి రాసుకున్నాడు.

మంథని అవతల, గోదావరి ఒడ్డున ఉన్న ఊరు వాళ్లది. ఆ ఊరి దొర రామేశ్వర్‌రావు పెళ్లీ పిల్లలూ లేని మనిషి. పడుచుతనంలో సికింద్రాబాద్ క్లబ్బుల్లో గిటార్ వాయించేవాడు. యుద్ధానికి ముందు అమెరికాలో చేసిన గిటార్ ఆయన దగ్గర ఉండేది. మామూలు గిటార్‌లా పలకగా ఉండదు. ఫిడేలులా ఉబ్బెత్తుగా చెక్కిన పొట్ట, నడుమ గుండ్రటి రంధ్రానికి బదులు రెండు పక్కలా రెండు వంకర గాట్లు. అలాంటివి ఈ దేశంలో పట్టుమని పది లేవని ఆయనే చెప్పేవాడు. దుర్గవ్వ ఆయన పొలంలో కూలిపని చేసేది. ఆమె కొడుకు ఇస్తారిని చిన్నప్పటినుంచీ పక్కన కూర్చోబెట్టుకుని వాయించడం నేర్పాడు.

దసరా మర్నాడు వంటమనిషి రాజక్క తలుపు తోసి చూస్తే దొర మెడకు గిటార్ తీగ బిగించి ఉంది. గిటార్ ఇస్తారి ఇంట్లో దొరికింది. ఇంకేముంది, ఊరికీ పోలీసులకూ ఆలోచించే పని తప్పింది.

"జమ్మి పెట్టి కాళ్లు మొక్కితే దొరనే చేతుల పెట్టిండట సారు. ఇగ గిది నీదేరా అన్నడట. ఎవ్వరు నమ్ముతలేరు. ఠాణాల బాగ కొడుతున్నరు. దెబ్బలకు ఓర్వక ఒప్పుకుంటడేమో. ఒప్పుకుంటే ఉరే గద?" అంది దుర్గవ్వ.

సీతారాంరావు నోట్లో వక్క పలుకు వేసుకుని చొక్కా తొడుక్కున్నాడు. ఆయన చొక్కా తొడిగాడంటే కేసు పట్టినట్టేనని కొమురెల్లికి తెలుసు.

పంచనామా కాగానే ఎస్సై దొర గదికి తాళం వేసి సీలు కొట్టాడు. ఇప్పుడు వీళ్ల కోసం విసుక్కుంటూ తీశాడు. మంచం మీద గిటార్ పెట్టె తెరిచి ఉంది. లోపల ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద చిన్న చిన్న జమ్మి ఆకులు, చింపిన కొత్త తీగల పొట్లం, వాటి పక్కన అరచేతిలో సగం ఉండే ఇంకో ఆకు. రెండు రెక్కలు కలిపి కుట్టినట్టుంది, పచ్చదనం ఇంకా పోలేదు.

దసరానాడు జమ్మి ఆకునే బంగారమని పెద్దల చేతిలో పెట్టి మొక్కుతారు, పెద్దలు దాన్ని ఇనప్పెట్టెలో దాచుకుంటారు. "మా దొరకు ఇనప్పెట్టె అంటే గీ పెట్టెనే, ప్రతి ఏడు గిండ్లనే వేస్తడు," అని రాజక్క కళ్లొత్తుకుంది. పండుగ కాబట్టి ఆ రోజు దీపాలు పెట్టగానే తాను ఇంటికి పోయానంది.

"పెట్టెల తీగలుంటయని వాయించేటోనికి గాక ఇంకెవనికి తెలుస్తది?" అన్నాడు ఎస్సై. సీతారాంరావు ఆ పెద్ద ఆకునే చూస్తూ ఊఁ కొట్టాడు.

వారసుడు ఒక్కడే, దొర అన్నకొడుకు దామోదర్‌రావు. ఆదిలాబాద్‌లో మరాఠీ సేఠ్‌లతో పొత్తులో పత్తి జిన్నింగు మిల్లు నడుపుతాడు. కబురు అంది వచ్చేసరికి గదికి సీలు పడిందనీ, కాకను కడసారి వాకిట్లోనే చూసుకున్నాననీ చెప్పాడు. మిల్లులో ఆయుధపూజ విడిచి ఎక్కడికి పోతాను, ఆ రోజు ఆదిలాబాద్ దాటలేదన్నాడు. ఎండాకాలంలో ఆయన బొంబాయి నుంచి గిటార్ కొనే ఒక బేరగాణ్ణి తీసుకొస్తే దొర ఇద్దరినీ వాకిట్లోంచే వెళ్లగొట్టాడని రాజక్క చెప్పింది. ఆ మాట అడిగితే, పెద్దాయన చాదస్తమని నవ్వేశాడు. లేస్తూ లేస్తూ, గిటార్ ఠాణా నుంచి ఎప్పుడిస్తారని అడిగాడు. కొమురెల్లికి ఆ మనిషి మీద రోత పుట్టింది.

"ఆదిలాబాద్ పోయి, వాళ్లు దసరా ఎట్ల చేసుకుంటరో చూసి రా," అన్నాడు సీతారాంరావు. పెళ్లయిపోయాక భోజనానికి పంపినట్టుందని కొమురెల్లి లోలోపల గొణుక్కున్నాడు. పోయాడు గానీ, తిరిగొచ్చేటప్పుడు బస్సులో అతనికి కునుకు పట్టలేదు. మిల్లు గల్లాపెట్టె మీద వాడిన ఆకుల గుత్తి ఉంది. అవి జమ్మి కావు, రెండు రెక్కల ఆకులు. అందులోంచి ఒకటి తెంపుకొచ్చాడు. పూజ కాగానే దామోదర్‌రావు సేఠ్ ఒక్కడే జీపు తోలుకుని పోయి తెల్లారే వచ్చాడని కావలివాడు చెప్పాడు.

సీతారాంరావు అందరినీ దొర వాకిట్లో కూర్చోబెట్టాడు. ఇస్తారిని కూడా తీసుకొచ్చారు. చేతులకు గుడ్డ చుట్టి ఉంది, తల ఎత్తలేదు. డిటెక్టివ్ గిటార్ పెట్టెలో దొరికిన పెద్ద ఆకునూ, మిల్లు నుంచి తెచ్చిన ఆకునూ పక్కపక్కన పెట్టాడు.

"మన దిక్కు బంగారమంటే జమ్మి. మరాఠోళ్లకు గీ ఆరె ఆకు. గీ ఊళ్లె దీన్ని ఎవ్వరు పెట్టరు. మరి దొర పెట్టెలకెట్ల వచ్చింది, దామోదర్‌రావు గారూ?"

దామోదర్‌రావు తడబడలేదు. "నేనే పెట్టిన. కాక పోయినంక, ఆకిరి మొక్కని."

"సచ్చినింట్ల బంగారం ఎవరు పెడుతరండి? పెడుదామన్నా, మీరొచ్చేటాల్లకు గది సీలై ఉండె. మీ నోటితోనే చెప్పిన్రు."

సీతారాంరావు గొంతు పెంచకుండా జరిగింది చెప్పుకుపోయాడు. దామోదర్‌రావు గిటార్ పట్టుకుపోదామనే జీపులో వచ్చాడు. కానీ దసరానాడు పెద్దమనిషి ఎదుటపడితే ఎంత చెడ్డవాడికైనా చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. ఆకు పెట్టాడు, కాళ్లు మొక్కాడు. ముసలాయన దీవించి, ఆ ఆకును దాచడానికి పెట్టె తెరిచాడు. లోపల గిటార్ లేదు. గిటార్ ఏదంటే, ఇస్తారికి ఇచ్చానన్నాడు. కొత్త తీగల పొట్లం కళ్ల ముందే ఉంది.

"కూలిదాని కొడుక్కిచ్చిండు. నా సొంత కాక. నాకియ్యలే," అన్నాడు దామోదర్‌రావు. మొక్కి లేచిన చేతులతోనే తీగ బిగించాడా అని కొమురెల్లి ఆ చేతులవైపే చూశాడు.

ఎస్సై జవాను చేత ఠాణా నుంచి గిటార్ తెప్పించి ఇస్తారి ముందు పెట్టించాడు. దొర మాటకు ఇక అడ్డేముంది, నీదే తీసుకోమన్నాడు. ఇస్తారి కదల్లేదు. దుర్గవ్వ కొడుకు ఎడమచేతి గుడ్డ విప్పింది. తీగలు అదిమే నాలుగు వేళ్లూ నలిగి, నల్లబడి, తలోవైపు తిరిగి ఉన్నాయి. ఎస్సై ముఖం తిప్పుకున్నాడు. కేసు గెలిచిన సంతోషం కొమురెల్లికి అక్కడితో చచ్చిపోయింది. సీతారాంరావు నోట్లో వక్క ఉమ్మేసి గోడవైపు తిరిగాడు.

దుర్గవ్వ ఏడవలేదు. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఎక్కడ ముడితే నొస్తుందోనని ఊరికే పట్టుకుంది.

ఇస్తారి అప్పుడు మొదటిసారి తల ఎత్తాడు.

"నేను ఒప్పుకోలే అవ్వా," అన్నాడు.