సరుగుడు తోపులో పదిహేను రోజులు

జట్కా దిగకుండానే తీర్పు చెప్పేశాడు ప్రభాకరరావు.

"బూజు తెగులు. నలభై చెట్లూ కొట్టించి కాల్చేయండి."

అది 1938. మార్కాపురం నుంచి వచ్చిన కొత్త వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు అతను. గిద్దలూరు మిషను కాంపౌండులో ఆ చెట్లు నాటించిన దొర వాటిని పైను చెట్లనేవాడట. ఊరు మాత్రం సరుగుడు చెట్లనే అంది. కొమ్మల నిండా దూది అంటించినట్టు తెల్లటి ముద్దలు, వాటి కింద నల్లటి మసి. మిషను మేనేజరు చెట్లు కొట్టే అనుమతి కాగితం చాపాడు. ప్రభాకరరావు కూర్చున్నచోటే సంతకం పెట్టాడు.

"బూజుకు కాళ్లుంటాయా సార్?"

తలెత్తి చూశాడు. చేతిలో సరుగుడు రెమ్మతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. మిషను బడి టీచరు ఎలీషబా, తోటమాలి ఏబేలు కూతురు. చెట్లు పోతే తండ్రి కొలువూ పోతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఏందమ్మా నువ్వనేది?"

"దిగి చూడండి. జట్కాలో నుంచి చూస్తే బూజే కనపడతాది."

దిగాడు. ఆమె తుమ్మముల్లుతో తెల్లటి ముద్దను ఎత్తింది. కింద ఎర్రటి పురుగు కాళ్లు కదిలించింది. ప్రభాకరరావు భూతద్దం తీశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పిండినల్లి జాతి. బెరడులో మూతి గుచ్చి చెట్టు రసం తాగుతా ఉంది."

"మరి ఈ మసి?"

"పురుగు ఒంట్లోంచి కారే తీపినీళ్ల మీద పుట్టింది. అసలు బూజు అదే."

"అయితే సగం కరెక్టే చెప్పినారు సార్," అని నవ్వింది.

మేనేజరు నవ్వలేదు. "సంతకం అయిపోయింది. సోమవారం గొడ్డళ్లొస్తాయి."

"సోమవారం నా బడి ఈ చెట్ల కిందనే పెడతా. పిల్లకాయల నడుమ గొడ్డలి ఎట్ల ఎత్తుతారో చూస్తా!"

ప్రభాకరరావు చెయ్యి చాపాడు. "ఆ కాగితం ఇట్ల ఇవ్వండి." సంతకం కింద రాశాడు: 'పై నిర్ణయం నా పొరపాటు. చికిత్సకు పదిహేను రోజుల గడువు కావాలి.'

"ఇది కర్నూలు జిల్లా ఆఫీసుకు పోతే మీ ఉద్యోగానికే మచ్చ," అన్నాడు మేనేజరు.

"పోనీండి."

ఎలీషబా అతన్ని మొదటిసారి కోపం లేకుండా చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది. అప్పటికే ఆలస్యమైంది, అతను చూసేశాడు.

మర్నాడే మందు కొట్టే చేతిపంపు, చేపనూనె సబ్బు పట్టుకుని రైలు దిగాడు.

"ముందు చీమల్ని ఆపండి," అంది ఆమె.

"రసం తాగేది చీమలు కాదు గదా టీచరమ్మా."

"తీపి కోసం ఈ పురుగులకు కాపలా కాస్తా ఉండాయి. చుక్కల రెక్కల అక్షింతల పురుగులు వచ్చి వీటిని తినబోతే తరుముతా ఉండాయి. వారం నుంచి చూస్తాండా."

"ఏ కాలేజీలో నేర్చినారు?"

"జట్కాలు రాని కాలేజీలో!"

ఏబేలు ఆముదంలో గుగ్గిలం కాచి, ఆ జిగురు పూసిన గుడ్డ పట్టీలు మొదళ్లకు చుట్టాడు. చీమలు ఎక్కలేకపోయాయి. ప్రభాకరరావు సబ్బునీళ్లలో పొగాకు కషాయం కలిపి కొమ్మలకు కొట్టాడు. అక్షింతల పురుగులున్న కొమ్మలను మాత్రం ఆమె ముట్టుకోనివ్వలేదు.

ఆరోనాడు కుండపోతగా వాన. మందంతా కడుక్కుపోయింది. ఇద్దరూ బడి వరండాలోకి పరుగెత్తారు.

"అంతా పోయింది," అన్నాడు దిగులుగా.

"మళ్లా కొడదాం. సబ్బు కరిగితే కరగనీ, మీరు కరగబాకండి."

అతని జుట్టులో నురగ చూసి ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు వింటూ, వాన ఇంకాసేపు ఉంటే బాగుండునని డిమాన్‌స్ట్రేటరు గారు పంటల సంగతి ఆలోచించకుండా కోరుకున్నాడు.

పదిహేనోనాటికి తెల్లటి ముద్దలు ఎండి, వేలు తగిలితే రాలిపోతున్నాయి. మూడు చెట్లు దక్కలేదు. ముప్పై ఏడు నిలిచాయి. మేనేజరు తోపంతా తిరిగి, ఏబేలుతో "రేపు పాదులు తవ్వు" అని మాత్రం అన్నాడు.

"ఇంక నేను రావడానికి కారణం లేదు," అన్నాడు ప్రభాకరరావు.

"వెతుక్కోండి."

"దొరికింది. ఎలీషబా కోసం వచ్చినానని చెప్పుకుంటే?"

ఆమె ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం తొణకలేదు. "నాకు కాదు, మా నాయనకు చెప్పండి. నేను ఊఁ అన్నానని కూడా చెప్పండి."

తర్వాతి ఆదివారం మిషను గుడిలో పాస్టరు గారు పెండ్లి ప్రకటన చదివారు. "ప్రభాకరరావుకు, తోటమాలి ఏబేలు కూతురు ఎలీషబాకు వివాహం. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి."

ప్రభాకరరావుదీ క్రైస్తవ కుటుంబమే. కనిగిరి నుంచి వచ్చిన అతని పెదనాయన లేచాడు. "నాకుంది. మావాడు గవర్నమెంటు ఉద్యోగి. తోటమాలి కూతురు మా ఇంటి కోడలా?"

ఆడవాళ్ల వైపు నుంచి ఎలీషబా లేచింది. "మీ అభ్యంతరం నా చదువు మీదనా, గుణం మీదనా? మా నాయన చేతి మట్టి మీదయితే, అది తుడుచుకుని మీ ఇంటికి రాను. ఇట్లనే వస్తా."

పెదనాయన పక్కనుంచి ప్రభాకరరావు లేచి, వెనక చాపమీద కూర్చున్న ఏబేలు పక్కన కూర్చున్నాడు.

ఇరవై ఏళ్లుగా ఆ గుడిలో పాటకు తప్ప నోరు విప్పని ఏబేలు మెల్లగా లేచాడు. "నా బిడ్డను నేను ఇష్టంగా ఇస్తా ఉండా, అయ్యగారూ. చదవండి."

పెదనాయన ఎవరివంకా చూడకుండా కూర్చున్నాడు. పాస్టరు గారు కళ్లద్దాలు సర్దుకుని ప్రకటన మొదటి నుంచి మళ్లీ చదివారు. ఈసారి, "శ్రీ ఏబేలు గారి కుమార్తె" అన్నారు.